హైవెల్డ్ చలిలో గోంగూర: తక్కువ ఖర్చుతో ఒక చిన్న టెంటు

డర్బన్‌లో కరివేపాకు చెట్టును ఎవరూ పట్టించుకోరు. పెరట్లో ఒక మూల అదే పెరుగుతుంది. కాయలు రాలిన చోట పిల్ల మొక్కలు కూడా మొలుస్తాయి. అక్కడ చలికాలం రాత్రి కూడా పది డిగ్రీలకు పైనే ఉంటుంది. సముద్రం మీది నుంచి వచ్చే గాలిలో తేమ ఉంటుంది. మన ముత్తాతలు చెరకు తోటల్లో వేసుకున్న మొక్కలు ఆ నేలకు తొందరగా అలవాటు పడ్డాయి.

జోహన్నెస్‌బర్గ్ సంగతి వేరు. ఈ ఊరు సముద్రానికి సుమారు 1,750 మీటర్ల ఎత్తున ఉంది. జూన్, జులై నెలల్లో మధ్యాహ్నం ఎండ బాగానే కాస్తుంది. సూర్యుడు దిగగానే చలి మొదలవుతుంది. కొన్ని రాత్రులు గడ్డి మీద తెల్లటి మంచు పేరుకుంటుంది. ఆ మంచు ఒక్క రాత్రి పడితే చాలు, గోంగూర నల్లబడి వాలిపోతుంది. కరివేపాకు ఆకులన్నీ రాల్చేస్తుంది.

మనలో చాలామంది పని కోసం, చదువు కోసం నాటాల్ నుంచి ఇక్కడికి వచ్చారు. వంట మారలేదు. ఆకు మాత్రం దొరకడం కష్టమైంది. అందుకే ఈసారి ఒక చిన్న టెంటు గురించి చెప్పుకుందాం. గుడారం, డేరా అని కూడా అనవచ్చు. గదిలో ఒక మూల పెట్టుకునే ఈ టెంటులో వేడి, తేమ, గాలి, వెలుతురు మన చేతిలో ఉంటాయి. డబ్బు పెట్టి పెద్ద యంత్రాలు కొనాల్సిన అవసరం లేదు. లెక్క తెలిస్తే చాలు.

ఈ టెంట్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

లోపల వెండి రంగు, బయట నల్ల గుడ్డ, ముందు జిప్పు. ఈ టెంట్లు ఇప్పుడు మన దేశంలో సులభంగా దొరుకుతున్నాయి. కారణం గోంగూర కాదు, గంజాయి. 2018 సెప్టెంబరు 18న రాజ్యాంగ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. పెద్దవాళ్లు తమ సొంత వాడకానికి, తమ ఇంటి గోప్యతలో గంజాయి పెంచుకోవడం నేరం కాదని చెప్పింది. 2024 మే 28న అధ్యక్షుడు రామఫోసా దీనికి సంబంధించిన చట్టం మీద సంతకం చేశారు. అమ్మకం మాత్రం ఇప్పటికీ నేరమే. పిల్లలకు దాన్ని దూరంగా ఉంచాలి.

ఈ కథలో మన వాళ్లు కూడా ఉన్నారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. ఆ తర్వాత పదేళ్లకు, 1870లో, నాటాల్ వలస ప్రభుత్వం కూలీల చట్టంలో ఒక నిషేధం పెట్టింది. ఒప్పందం మీద వచ్చిన భారతీయులు గంజాయి తాగకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. వాళ్లకు ఎవరూ అమ్మకూడదు, ఊరికే ఇవ్వనూ కూడదు. అంటే ఈ దేశంలో ఆ మొక్క మీద వచ్చిన మొదటి నిషేధాల్లో ఒకటి మన పూర్వీకుల మీదే వచ్చింది.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. గోగు అనే మొక్కను మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎరిగే ఉంటారు. దాని నారతో తాళ్లు పేనుతారు. లేత ఆకు కూరకు పనికొస్తుంది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు 'హైబిస్కస్ కన్నాబినస్'. కన్నాబినస్ అంటే గంజాయి లాంటిది అని అర్థం. ఆకు వేళ్లలా చీలి, అంచున రంపపు పళ్లలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఎర్ర గోంగూర దానికి దగ్గరి చుట్టం. దాని పేరు 'హైబిస్కస్ సబ్దరిఫ్ఫా'.

పోలిక ఆకుతో ఆగిపోదు. గంజాయి లాగే గోంగూర కూడా పగటి పొడవును బట్టి పూస్తుంది. రాత్రులు పొడవుగా మారితే ఆకు వేయడం తగ్గించి పూతకు వస్తుంది. జూన్ నెలలో జోహన్నెస్‌బర్గ్ పగలు పదిన్నర గంటలే. అందుకే చలికాలంలో కిటికీ దగ్గర పెట్టిన గోంగూర జానెడు ఎత్తు కూడా పెరగకుండానే మొగ్గ వేస్తుంది. చలి ఒక్కటే కారణం కాదు, వెలుతురు కూడా కారణమే. కాబట్టి గంజాయి కోసం తయారైన టెంటు గోంగూరకు చక్కగా సరిపోతుంది.

మొక్కకు ఏం కావాలి?

గోంగూర, కరివేపాకు రెండూ వెచ్చని చోటి మొక్కలు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి టెంటుకు అంటించండి.

వేడి: దీపం వెలుగుతున్నప్పుడు 24 నుంచి 28 డిగ్రీలు. దీపం ఆరినప్పుడు 18 డిగ్రీలకు తగ్గకూడదు. పదహారు కంటే కిందికి పోతే కరివేపాకు ఎదగడం మానేసి నిద్రపోతుంది.

గాలిలో తేమ: ఎదిగిన మొక్కకు 50 నుంచి 65 శాతం. మొలకకు కొంచెం ఎక్కువ, 65 నుంచి 75 శాతం.

వెలుతురు: ఆకు కావాలంటే రోజుకు 15 గంటలు. పూత, విత్తనం కావాలంటే 11 గంటలు.

గాలి: ఆకులు మెల్లగా కదలాలి. అలాగని ఊగిపోకూడదు.

ముందు కొలవండి

టెంటు కొన్న రోజే ఒక చిన్న డిజిటల్ కొలమానం కొనండి. వేడి, తేమ రెండూ చూపేది, రోజులో ఎక్కువ ఎంత, తక్కువ ఎంత అని గుర్తుపెట్టుకునేది తీసుకోండి. మనం చూసేది సాయంత్రం. మొక్కకు దెబ్బ తగిలేది తెల్లవారుజామున నాలుగింటికి. ఆ అంకె గుర్తుండే కొలమానమే మనకు పనికొస్తుంది.

దాన్ని దీపం కింద నేరుగా పెట్టకండి. ఆకుల ఎత్తులో, నీడలో వేలాడదీయండి.

చవక కొలమానాలు వేడిని బాగానే చెబుతాయి. తేమ దగ్గర అబద్ధం చెబుతాయి. దాన్ని వంటింటి ఉప్పుతో పరీక్ష చేయవచ్చు. సీసా మూతలో ఉప్పు పోయండి. నాలుగు చుక్కల నీళ్లు వేసి తడి ఇసుకలా చేయండి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ మూతను, కొలమానాన్ని ఒక జిప్పు సంచిలో పెట్టి మూసేయండి. రాత్రంతా గదిలో వదిలేయండి. పొద్దున్న కొలమానం 75 చూపాలి. తడి ఉప్పు చుట్టూ మూసిన గాలి తేమ ఎప్పుడూ 75 శాతం దగ్గరే నిలుస్తుంది. మీది 69 చూపిస్తే, ఇక నుంచి అది చెప్పిన అంకెకు ఆరు కలుపుకోండి. పైసా ఖర్చు లేదు.

వేడి: దీపాన్ని రాత్రి వెలిగించండి

మా టెంటు 80 సెంటీమీటర్ల వెడల్పు, 80 లోతు, 160 ఎత్తు. లోపల పట్టే గాలి ఒక ఘనపు మీటరు. దీపం 100 వాట్ల ఎల్‌ఈడీ. ఈ దీపం తినే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. కాబట్టి మన దగ్గర ఇప్పటికే ఒక చిన్న హీటరు ఉంది. దాన్ని ఎప్పుడు వెలిగించాలన్నదే ప్రశ్న.

చాలామంది పొద్దున్న వెలిగించి రాత్రి ఆర్పుతారు. హైవెల్డ్‌లో అది తిరగబడాలి. సాయంత్రం ఆరింటికి వెలిగించి, పొద్దున్న తొమ్మిదింటికి ఆర్పండి. పదిహేను గంటలు అయ్యాయి. బయట అన్నిటికంటే చలిగా ఉన్న గంటల్లో లోపల దీపం ఉంది. పగలు ఎండకు గది దానంతట అదే వెచ్చబడుతుంది. అప్పుడు టెంటు జిప్పు వేసి చీకటిగా ఉంచండి. మొక్కకూ రాత్రి కావాలి. ఈ టెంటులో రాత్రి మధ్యాహ్నం పూట వస్తుంది, అంతే తేడా.

తర్వాత చోటు. టెంటును బయటి గోడకు ఆనించకండి. ఒక చేయి పట్టేంత సందు వదలండి. చల్లని గోడకు వెచ్చని తేమ తగిలితే నీళ్లు పట్టి బూజు వస్తుంది. టైల్స్ నేల మీద నేరుగా పెట్టకండి. నేల చలి కుండీలోకి ఎక్కుతుంది, వేళ్లు బిగుసుకుపోతాయి. కింద పాత కార్పెట్ ముక్క, దాని మీద రెండు సెంటీమీటర్ల థర్మకోల్ పలక, ఆపైన టెంటు. ఈ ఒక్క పనితో కుండీ మట్టి వెచ్చగా ఉంటుంది.

మూడోది నీళ్ల సీసాలు. రెండు లీటర్ల శీతల పానీయం సీసాలు పది తీసుకుని నీళ్లు నింపి, లోపల గోడల వెంట నిలబెట్టండి. దీపం ఉన్నంతసేపు ఆ నీళ్లు వెచ్చబడతాయి. దీపం ఆరాక మెల్లగా ఆ వేడిని తిరిగి ఇస్తాయి. ఇరవై లీటర్ల నీళ్లు ఐదు డిగ్రీలు చల్లబడితే, మన దీపం గంటకు పైగా ఇచ్చేంత వేడి బయటికి వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. జులైలో పంపు నీళ్లు చేతికే జివ్వుమంటాయి. వాటిని వేళ్ల మీద పోయకండి. ఈ సీసాల్లో నీళ్లు గోరువెచ్చగా సిద్ధంగా ఉంటాయి.

ఇవన్నీ చేసినా 18 కంటే తగ్గుతుంటే, మొలకల కోసం అమ్మే వెచ్చని చాప ఒకటి కుండీల కింద వేయండి. అది 20 వాట్లు మాత్రమే. గది హీటరును టెంటు లోపల ఎప్పుడూ పెట్టకండి. గుడ్డ, ప్లాస్టిక్కు, నీళ్లు, మంట పుట్టించే వస్తువు ఒకే పెట్టెలో ఉండకూడదు.

తేమ: చలికాలం గాలి ఎందుకు పొడిగా ఉంటుంది?

వెచ్చని గాలి ఎక్కువ నీటిని మోయగలదు. చల్లని గాలి తక్కువ మోస్తుంది. పది డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 9.4 గ్రాముల నీటి ఆవిరి పట్టుకుంటుంది. ఇరవై ఐదు డిగ్రీల దగ్గర 23 గ్రాములు పడతాయి.

ఇప్పుడు ఒక జులై పొద్దున తీసుకుందాం. బయట పది డిగ్రీలు, తేమ 50 శాతం. అంటే ఆ గాలిలో 4.7 గ్రాముల నీరు ఉంది. అదే గాలి టెంటులోకి వచ్చి 25 డిగ్రీలకు వెచ్చబడింది. నీరు పెరగలేదు, అదే 4.7. కానీ ఇప్పుడు ఆ గాలి 23 గ్రాములు మోయగలదు. కాబట్టి తేమ 20 శాతానికి పడిపోయింది. మీ పెదవులు పగిలేది కూడా ఇందుకే. ఆకు అంచులు గోధుమ రంగులోకి మారి ఎండిపోయేది కూడా ఇందుకే.

60 శాతానికి తేవాలంటే ప్రతి ఘనపు మీటరుకు ఇంకో తొమ్మిది గ్రాముల నీరు కావాలి. రెండు చిన్న చెంచాలు. వినడానికి చాలా తక్కువ. కానీ ఫ్యాను గంటకు 60 ఘనపు మీటర్ల గాలిని బయటికి తోసేస్తుంటే, గంటకు అర లీటరుకు పైగా నీళ్లు ఆవిరి కావాలి. ఏ తడి తువ్వాలూ అంత ఇవ్వలేదు. అదే ఫ్యాను గంటలో పది నిమిషాలే తిరిగితే 90 గ్రాములు చాలు. గది గాలిలో వంట వల్ల, స్నానాల వల్ల కొంచెం తేమ ముందే ఉంటుంది. మొక్కలు తాగిన నీటిలో ఎక్కువ భాగాన్ని ఆకుల నుంచి గాలిలోకే వదులుతాయి. అవి రెండూ కలిస్తే లెక్క సరిపోతుంది.

కాబట్టి హైవెల్డ్ చలికాలంలో ముందు తేమ యంత్రం కొనకండి. ముందు ఫ్యాను తగ్గించండి. కుండీలను దగ్గరగా చేర్చండి. అప్పటికీ చాలకపోతే ఒక వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, అందులో పాత తువ్వాలు ఒక కొస ముంచి, ఇంకో కొస పైకి వేలాడదీయండి. తువ్వాలు నీటిని పైకి పీలుస్తుంది, ఆరబెడుతుంది. వారానికోసారి దాన్ని వేడి నీళ్లలో ఉతకండి, లేకపోతే వాసన వస్తుంది.

గాలి ఆడాలి

తెలుగులో ఒక చక్కని మాట ఉంది: గాలి ఆడటం. గాలి రావడం వేరు, గాలి ఆడటం వేరు. కిటికీ తెరిస్తే గాలి వస్తుంది. ఆ గాలి మూలమూలకు తిరిగి, నిలవ గాలిని కదిలిస్తే, అప్పుడు గాలి ఆడినట్టు.

టెంటుకు రెండు పనుల గాలి కావాలి. ఒకటి లోపలి గాలిని కదిలించేది. దీనికి బల్ల మీద పెట్టుకునే చిన్న ఫ్యాను చాలు. ఆకులకు సూటిగా కాకుండా గోడ వైపు తిప్పి పెట్టండి. ఇది రోజంతా తిరగాలి. రెండోది లోపలి గాలిని బయటికి పంపేది. పాత కంప్యూటరు నుంచి తీసిన 12 సెంటీమీటర్ల ఫ్యాను, దానికి తగిన 12 వోల్టుల అడాప్టరు ఉంటే ఒక ఘనపు మీటరు టెంటుకు సరిపోతుంది. దాన్ని టెంటు పై భాగంలో బిగించండి, వేడి గాలి పైకే పోతుంది. కొత్త గాలి కింది రంధ్రం నుంచి దానంతట అదే వస్తుంది. ఆ రంధ్రానికి పాత మేజోడు గుడ్డ కట్టండి. దుమ్ము, పురుగు లోపలికి రావు.

మా అవ్వకు ఈ అంకెలు పట్టవు. ఆవిడ టొంగాట్‌లో పుట్టింది, ఎనభై ఏళ్లు దాటాక మా ఇంటికి వచ్చింది. మొదటి వారం టెంటు జిప్పు తీసి, చేయి లోపలికి పెట్టి, ఒక్క క్షణం ఆగి, "గాలాడట్లేదురా" అంది. కొలమానం చూస్తే తేమ 82. మొలకలు వేసి, ఫ్యాను ఆపి, అన్ని రంధ్రాలూ మూసి ఉన్న రోజు అది. మా పిల్లలు ఆ మాట పట్టుకున్నారు. ఇప్పుడు పొద్దున్నే బడికి వెళ్లే ముందు ఇద్దరూ చేయి లోపల పెట్టి చూస్తారు. "చెమ్మగా ఉందా, పొడిగా ఉందా" అని అవ్వ అడుగుతుంది. వాళ్లు తెలుగులో చెప్పాలి. తర్వాతే కొలమానం చూడాలి. ఇదో ఆట. నాలుగు వారాల్లో వాళ్ల చేయి ఐదారు అంకెల తేడాలో చెప్పడం నేర్చుకుంది.

డర్బన్ వాళ్లకు లెక్క తిరగబడుతుంది

ఈ పత్రిక చదివే చాలామంది సముద్రం పక్కనే ఉంటారు. ఫ్లాట్‌లో పెరడు లేనివాళ్లు కూడా టెంటు పెట్టుకోవచ్చు. అక్కడ బాధ చలి కాదు, ఉక్క. ఫిబ్రవరి రాత్రి బయట 25 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుందాం. గాలిలో 18.4 గ్రాముల నీరు ఉంది. దీపం వెలిగితే టెంటు 29 డిగ్రీలకు వెచ్చబడుతుంది. ఆ వేడి దగ్గర గాలి 28.8 గ్రాముల దాకా మోయగలదు. కాబట్టి తేమ సుమారు 64 శాతానికి దిగుతుంది. దీపమే తేమను తగ్గించింది.

అందుకే డర్బన్‌లోనూ దీపాన్ని రాత్రే వెలిగించండి. అక్కడ కారణం వేరు. పగటి వేడికి దీపం వేడి తోడైతే టెంటు పొయ్యిలా మారుతుంది. రాత్రి అయితే వేడి హద్దులో ఉంటుంది, తేమ కూడా దిగుతుంది. బయటికి పంపే ఫ్యాను ఆగకుండా తిరగాలి. దాని గాలి గదిలోకి కాదు, కిటికీ బయటికి పోవాలి. లేకపోతే అదే తేమ చుట్టూ తిరిగి మళ్లీ లోపలికే వస్తుంది. నీళ్లు దీపం వెలిగిన వెంటనే పోయండి, ఆరే ముందు పోయకండి. కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. అల్మరాలో వేసే తేమ పీల్చే డబ్బాలు ఇక్కడ పనికిరావు. మొక్క ఒక్క రోజులో వదిలే నీటికి అవి చాలవు.

ఖర్చు ఎంత?

దీపం 100 వాట్లు, రోజుకు 15 గంటలు. అంటే ఒకటిన్నర యూనిట్లు. నెలకు 45. రెండు ఫ్యాన్లు కలిపి పది వాట్లు, ఇరవై నాలుగు గంటలు. నెలకు సుమారు 7 యూనిట్లు. వెచ్చని చాప 20 వాట్లు, రోజుకు తొమ్మిది గంటలు. నెలకు 5 యూనిట్లకు కొంచెం పైన. అన్నీ కలిపి 58 యూనిట్ల లోపే. మీ బిల్లులో యూనిట్ ధర చూసి గుణించండి. మూడు రాండ్లు అనుకుంటే నెలకు 175 రాండ్ల లోపు.

దీన్ని గది హీటరుతో పోల్చండి. 1,500 వాట్ల హీటరు రాత్రి ఎనిమిది గంటలు ఆగకుండా మండితే ఒక్క రాత్రికే 12 యూనిట్లు. మొక్క కోసం గది అంతా వెచ్చబరచడం దండగ. మొక్క చుట్టూ ఉన్న ఒక్క ఘనపు మీటరు వెచ్చబడితే చాలు.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలి? లోడ్‌షెడ్డింగ్ మనకు కొత్త కాదు. రెండు గంటలు పోతే టెంటు జిప్పు తీయకండి. నీళ్ల సీసాలు వేడిని నిలబెడతాయి. బాగా చలి ఉంటే టెంటు మీద ఒక దుప్పటి కప్పండి, కరెంటు రాగానే తీసేయండి. టైమర్ కొనేటప్పుడు లోపల బ్యాటరీ ఉన్నది చూసుకోండి. చక్రం తిరిగే పాత రకం టైమర్ కరెంటు పోయినంతసేపు ఆగిపోతుంది. వారంలో నాలుగుసార్లు పోతే దాని గడియారం ఎనిమిది గంటలు వెనకబడుతుంది, మీ సాయంత్రం దీపం అర్ధరాత్రి దాటాక వెలుగుతుంది.

ప్లగ్గుల పట్టీని నేల మీద పెట్టకండి, కుండీల కంటే ఎత్తున గోడకు కట్టండి. ప్రతి వైరూ ప్లగ్గుకు చేరే ముందు కొంచెం కిందికి వేలాడాలి. అప్పుడు నీటి చుక్క వైరు వెంట జారినా నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు.

ఆకు చెప్పే మాటలు

ఆకు అంచులు ఎండి, గోధుమ రంగులోకి మారితే: గాలి బాగా పొడిగా ఉంది. ఫ్యాను తగ్గించండి.

ఆకు మీద తెల్లటి పొడి చల్లినట్టు ఉంటే: బూడిద తెగులు. గాలి ఆడటం లేదు. ఆ ఆకులు తుంచి పారేయండి, కుండీలు దూరం జరపండి.

ఆకు కింద సన్నని సాలెగూడు, పైన ముల్లు గుచ్చినట్టు చుక్కలు ఉంటే: ఎర్రనల్లి. వేడి, పొడి కలిసిన చోట ఇది చేరుతుంది. ఆకుల కింది వైపు నీళ్లతో గట్టిగా కడగండి. మూడు రోజులకోసారి చొప్పున రెండు వారాలు చేయండి.

మొలక మొదలు దగ్గర సన్నబడి పడిపోతే: నారు కుళ్లు. మట్టి తడి ఎక్కువ, గాలి తక్కువ.

చిన్న నల్లటి ఈగలు మట్టి మీద ఎగురుతుంటే: నీళ్లు ఎక్కువ పోస్తున్నారు. పైన రెండు వేళ్ల లోతు మట్టి ఆరేదాకా ఆగండి.

ఆకు లేతగా ఉన్నా ముడుచుకుంటే: దీపం బాగా దగ్గరగా ఉండవచ్చు. జానెడు పైకి ఎత్తండి.

విత్తనం నిలబెట్టడం

అవ్వ టొంగాట్ ఇల్లు అమ్మేశారు. ఆవిడ వచ్చేటప్పుడు తెచ్చుకున్న వాటిలో ఒక బిస్కెట్ డబ్బా ఉంది. అందులో ఎర్ర గోంగూర విత్తనాలు. ఆ పెరట్లో ఏటా వేసి, ఏటా తీసి, దాచినవి. గోంగూర విత్తనం ఎల్లకాలం ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ మొలకెత్తే శక్తి తగ్గుతుంది. ఏటా వేయాలి, ఏటా కొత్త విత్తనం తీయాలి.

జోహన్నెస్‌బర్గ్ ఆరుబయట ఇక్కడే చిక్కు వస్తుంది. అక్టోబరులో వేస్తే ఆకు బాగానే వస్తుంది. కానీ గోంగూర పూసేది పగళ్లు కురచైన తర్వాత, మార్చి దాటాక. కాయ కట్టి, ముదిరి, ఎండాలంటే ఇంకా వారాలు పడుతుంది. ఈలోపే మంచు పడవచ్చు. ఆకు తిన్నాం, విత్తనం పోయింది అన్నట్టు అవుతుంది.

టెంటులో ఆ చిక్కు లేదు. టైమరే మన క్యాలెండరు. విత్తనాలు రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వేలి కణుపు లోతున వేయండి. మట్టి 25 డిగ్రీలు ఉంటే వారం లోపు మొలక కనబడుతుంది. జానెడు ఎత్తు రాగానే కొన తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, ఆకు ఎక్కువ దొరుకుతుంది. రోజుకు 15 గంటల వెలుతురు ఉన్నంతకాలం ఆకు కోసుకుంటూ ఉండండి.

రెండు మొక్కలను మాత్రం కోయకుండా విత్తనానికి వదిలేయండి. ఆకు చాలనుకున్నాక టైమర్‌ను 11 గంటలకు తగ్గించండి. చీకటి గంటల్లో టెంటులోకి ఏ వెలుతురూ పోకూడదు. కొన్ని వారాల్లో మొగ్గ వస్తుంది. లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు. ఒక్క రోజే ఉంటుంది. గోంగూర తన పూతను తానే ఫలదీకరించుకుంటుంది కాబట్టి తేనెటీగ లేకపోయినా కాయ కడుతుంది. ఈ దశలో తేమ 50 దగ్గర ఉంచండి. కాయ గోధుమ రంగులోకి మారి, పగలబోతున్నప్పుడు కోసి, నీడలో వారం రోజులు ఆరబెట్టండి. విత్తనం పంటికింద టక్కుమంటే ఆరినట్టు.

కొన్ని మాటలు

తేమ: గాలిలో, మట్టిలో ఉండే నీరు. "ఈ రోజు గాలిలో తేమ తక్కువ."

చెమ్మ: చేతికి తగిలే తడి. "గోడ చెమ్మగిల్లింది."

ఉక్క: తేమ, వేడి కలిసి చెమట పట్టించే గాలి. "డర్బన్‌లో ఉక్కపోత."

గాలాడటం: గాలి అంతటా తిరగడం. "గది గాలాడట్లేదు, కిటికీ తియ్యి."

గోరువెచ్చని: వేడీ కాదు, చల్లనా కాదు. "గోరువెచ్చని నీళ్లు పొయ్యి."

వాడటం: నీళ్లు లేక ఆకు వాలిపోవడం. "మొక్క వాడింది." వస్తువును వాడటం వేరే మాట, రాత ఒకటే.

చిగురు: కొత్తగా వచ్చిన లేత ఆకు. "కరివేపాకు చిగురు వేసింది."

పూత: మొక్కకు వచ్చిన పువ్వులన్నీ కలిపి. "గోంగూర పూతకు వచ్చింది."

జానెడు: చేయి చాపితే బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఉండే కొలత.

విత్తనాలు పూర్తిగా ఆరాక కాగితం కవరులో వేయండి, ప్లాస్టిక్కులో వద్దు. ఆ కవరును మూత బిగుతైన డబ్బాలో పెట్టి, చల్లని చీకటి చోట దాచండి. సగం ఇంకో ఇంటికి ఇవ్వండి. మీ మొక్క పోయినా వాళ్ల దగ్గర ఉంటుంది. కవరు మీద మూడు సంగతులు రాయండి: మొక్క పేరు, కోసిన నెల, సంవత్సరం. పేరు తెలుగులో రాయండి. గోంగూర అనే మాటలో మూడే అక్షరాలు. పిల్లలతో రాయించండి.